మతిమరుపు వ్యాధి ఉన్నవారిని చూసుకునే మనిషి మనసు, ఆరోగ్యం

తెనాలి_ఆడపడుచు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఆల్జీమర్స్ ఉన్నట్లు న్యూరాలజిస్టు నిర్ధారించి కొన్నేళ్లయింది. నేను హైదరాబాదులోనూ, తమ్ముడు బెంగళూరులోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నాం. తెనాలి ఇంట్లో ఆయనను కనిపెట్టుకుని ఉండేది మా అమ్మ ఒక్కతే. పొద్దువాలితే చాలు, నాన్నగారు చెప్పులు తొడుక్కుని వీధి తలుపు దగ్గర నిలబడి "పదవే, మనింటికి పోదాం" అంటారు. ఆయన దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు అది. రాత్రి ఏ వేళప్పుడైనా లేచి గడియ తీస్తారేమోనని, అమ్మ తలుపుకు అడ్డంగా మడతమంచం వేసుకుని పడుకుంటుంది. అన్నం వంటగట్టు దగ్గర నిలబడే తింటుంది.

నా ప్రశ్న అమ్మ గురించి. ఒక్క మాత్రతో అదుపులో ఉండే ఆమె షుగర్ ఇప్పుడు ఏ మాత్రకూ లొంగడం లేదు. గత రెండు, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 9 దాటింది, రక్తపోటూ పెరిగింది. వెళ్లినప్పుడల్లా డాక్టరుగారు మాత్రల మోతాదు పెంచుతున్నారు. బంధువులు వయసు మీద పడిందంటున్నారు. ఎవరు పలకరించినా "నాకేమైంది, నిక్షేపంలా ఉన్నాను" అనడమే తప్ప ఆమె నోట మరో మాట రాదు. ఆమె మనసులోని ఒత్తిడికి, ఒంట్లో పెరుగుతున్న చక్కెరకు నిజంగా సంబంధం ఉంటుందా? ఉంటే మేము చేయవలసిందేమిటి? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత_వైద్యుడు (గుంటూరు)

అమ్మా, సంబంధం తప్పకుండా ఉంటుంది. చాలాకాలం ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేసినవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

మనిషి నిరంతరం కలవరంలో ఉన్నప్పుడు మెదడు పంపే సంకేతాలతో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. అడ్రినలిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. కార్టిసాల్ కాలేయం చేత రక్తంలోకి చక్కెరను వదిలిస్తుంది, పైగా ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తుంది. ఆపద ఒక పూటలో గడిచిపోతే ఇదంతా సర్దుకుంటుంది. ఆరోగ్యవంతులలో కార్టిసాల్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి రాత్రికి బాగా తగ్గిపోవాలి. ప్రతి రాత్రీ గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకునే మనిషిలో ఆ తగ్గుదల సరిగా జరగదు. నిద్ర చెడితే ఇన్సులిన్ ఇంకా మొరాయిస్తుంది. వేళకు తినకపోవడం, తన మాత్ర తాను మరిచిపోవడం, నడక మానేయడం వీటికి తోడవుతాయి. మందు మోతాదు పెంచినంత మాత్రాన మీ అమ్మగారి షుగర్ దిగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇది నా ఊహ కాదు. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసులో ఉండి అటువంటి బాధ్యత లేని మరో 13 మందిని తీసుకుని, అందరి చేతుల మీదా ఒకే పరిమాణంలో చిన్న గాయం చేసి అది మానడానికి పట్టే కాలాన్ని గమనించారు. బాధ్యత లేనివారికి సగటున 39 రోజులకు కాస్త పైగా పడితే, వ్యాధిగ్రస్తులను చూసుకుంటున్నవారికి దాదాపు 49 రోజులు పట్టింది. మరుసటి సంవత్సరం అదే బృందం, ఇటువంటివారిలో ఫ్లూ టీకాకు శరీరం స్పందించడం కూడా మందగిస్తుందని చూపింది. చర్మం మీది గాయం మానడంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు గుండె, రక్తనాళాల సంగతి వేరే చెప్పాలా?

1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు జీవిత భాగస్వామిని చూసుకుంటున్న 66 నుంచి 96 ఏళ్ల వృద్ధులను నాలుగేళ్లకు పైగా పరిశీలించారు. చూసుకోవడంలో మానసికంగా నలిగిపోతున్నామని చెప్పినవారిలో మరణాల ముప్పు, ఆ బాధ్యత లేనివారి కంటే 63 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. నాన్నగారి చీటీల వెనకాల అమ్మగారి చీటీలు పెట్టే అలవాటు మానండి. ఆమెకు విడిగా ఒక ఫైలు, విడిగా ఒక అపాయింట్‌మెంటు ఉండాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చు, దానివల్ల వచ్చే నీరసాన్ని మనం దిగులుగా పొరబడే అవకాశం కూడా ఉంది. గత రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా ఉంటోందా అన్న రెండు ప్రశ్నలు మాత్రం డాక్టరుగారి చేత తప్పనిసరిగా అడిగించండి. రద్దీగా ఉండే ఓపీలో ఎవరూ అడగకుండా వదిలేసే ప్రశ్నలు ఇవే.

పల్నాటి_పెద్దాయన

డాక్టరుగారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. కట్టుకున్నవాళ్లకు, కన్నవాళ్లకు సేవ చేయడం మన ఇళ్లలో ఎవరూ భారమని లెక్కగట్టేది కాదు. నా భార్య పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి ఆమెకు ముద్ద కలిపి పెట్టేది, పక్క మార్చేది నేనే. ఆ పనిలో నాకు కలిగే తృప్తి మరెక్కడా దొరకలేదు. సేవ చేస్తే ఆయుష్షు తగ్గుతుందనే మాట పిల్లల చెవిన పడితే, రేపు తల్లిదండ్రులను వదిలించుకోవడానికి శాస్త్రాన్నే సాకుగా చూపుతారేమోనని నా భయం. ఇటువంటి లెక్కలు చెప్పేటప్పుడు ఆ రెండో వైపు కూడా చెప్పాలి.

విశ్రాంత_వైద్యుడు (గుంటూరు)

పెద్దాయనగారూ, మీరు అడిగిన రెండో వైపు కూడా పరిశోధనలలో ఉంది. చెప్పించినందుకు కృతజ్ఞుణ్ణి. నేను ప్రస్తావించిన 1999 నాటి అధ్యయనంలోనే, భాగస్వామిని చూసుకుంటున్నా నలుగుబాటు లేదన్నవారిలో మరణాల ముప్పు చెప్పుకోదగినంతగా పెరగలేదు. 2013లో వెలువడిన మరో పెద్ద అమెరికా అధ్యయనం, కుటుంబంలో ఎవరినో ఒకరిని చూసుకుంటున్న 3,503 మందిని వయసు, ఆరోగ్యం తదితర అంశాలలో వారితో సరిపోలే అంతేమందితో పోల్చి చూసింది. చూసుకుంటున్నవారిలోనే మరణాలు 18 శాతం తక్కువగా ఉన్నాయి.

కనుక సేవ మనిషిని చంపదు. నిద్ర లేకపోవడం, మార్చుకోవడానికి మరో చెయ్యి లేకపోవడం, మనసులోని మాట ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం చంపుతాయి. మీకు దొరికిన తృప్తి నిజం, తెనాలి అమ్మగారి నలుగుబాటూ నిజం. మీ ఇంట్లో పగలు సాయానికి ఎవరైనా ఉన్నారా, రాత్రి మీకు నిద్ర పడుతోందా అన్నవి తెలిస్తే ఆ తేడా ఎక్కడుందో మనకు అర్థమవుతుంది.

పల్నాటి_పెద్దాయన

మా చెల్లెలి కుటుంబం పక్క వాటాలోనే ఉంటుంది. పగలు రెండు పూటలా ఎవరో ఒకరు వస్తారు. నా భార్యకు మాటా, తెలివీ బాగానే ఉన్నాయి, రాత్రి నిద్రపోతుంది కనుక నేనూ నిద్రపోతాను. మీ ప్రశ్న నాకు అర్థమైంది. తెనాలి సోదరి పరిస్థితి నాది కాదు.

విజయనగరం_కోడలు

ఈ చర్చలో ఎవరూ ఇంకా రాయని ఒక విషయం రాయాలనిపిస్తోంది. మతిమరుపు వ్యాధి ఉన్న మా అత్తగారిని ఆమె చివరి రోజు వరకు నేనే చూసుకున్నాను. శరీరశ్రమ ఎంత ఉన్నా ఓర్చుకోవచ్చు. ఒకే ప్రశ్నకు ఇరవయ్యోసారి జవాబు చెప్పేటప్పుడు లోపల పుట్టే కోపం, ఆ వెంటనే "పాపం, ఆమెకు తెలిసి చేస్తోందా" అని ముంచుకొచ్చే బాధ, ఆ రెంటి మధ్యా రోజంతా ఊగిసలాడడమే మనిషిని నిలువునా పీల్చేస్తుంది. నేను కట్టిన చీరను చూసి, తన పెట్టెలోంచి దొంగిలించానని ఆమె వీధిలోవాళ్లకు చెప్పేవారు. రోగమని తెలిసి కూడా ఆ మాటకు గొంతు పూడుకుపోయేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుని, ఆ గంటలో ఆమె చక్కగా మాట్లాడడం చూసి "ఈవిడకేమమ్మా, బాగానే ఉన్నారుగా" అని వెళ్లిపోయేవారు. ఆ మాట అన్నిటికంటే కష్టంగా ఉండేది.

తెనాలి_ఆడపడుచు గారూ, సాయంత్రం వేళ "ఇది మనిల్లేనండీ" అని నాన్నగారితో వాదించవద్దని అమ్మగారికి చెప్పండి. ఆ వేళకు వీరికి కలవరం పెరగడం ఈ వ్యాధిలో మామూలే. మా అత్తగారు కూడా అలాగే బయలుదేరేవారు. "అలాగే, పదండి వెళ్దాం" అని చేయి పట్టుకుని వీధి చివరి వరకు నడిపించి, దారిలో కొబ్బరిచెట్టు గురించో, గుడి గురించో మాట్లాడుతూ తిప్పి తీసుకొస్తే, గుమ్మంలోకి రాగానే "వచ్చేశాం కదా" అని తామే చెప్పులు విప్పేవారు. చీకటి పడకముందే ఇంట్లో దీపాలన్నీ వేసేయడం వల్ల కూడా మాకు తేడా కనిపించింది. తలుపుకు ఆయన చూపు పోని ఎత్తులో మరో గడియ, తలుపు తీస్తే మోగే చిన్న గంట పెట్టిస్తే అమ్మగారు అడ్డంగా పడుకోవలసిన అవసరం తగ్గుతుంది. అగ్నిప్రమాదం వంటిది జరిగితే చటుక్కున తీయగలిగేలా మాత్రం ఆ గడియ ఉండాలి.

నాకు ఊపిరి అందించింది మాత్రం మావారు తీసుకున్న ఒక నిర్ణయం. శని, ఆదివారాల రాత్రులు ఆయన తన తల్లి గదిలో పడుకున్నారు. ఆ రెండు రాత్రుల నిద్రతో మిగిలిన వారమంతా నేను ఆమెతో మెత్తగా మాట్లాడగలిగాను.

మానసిక_ఆరోగ్య_సేవిక (హైదరాబాదు)

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. విజయనగరం_కోడలు గారు రాసిన కోపం గురించి మా దగ్గరకు వచ్చే స్త్రీలలో నూటికి తొంభైమంది మొదటి రోజు నోరు విప్పరు. ఒళ్లంతా పోట్లు, గుండెదడ, కడుపులో మంట, తల దిమ్మెక్కినట్లు ఉండడం, అన్నం సయించకపోవడం, ఇవే చెబుతారు. ఈసీజీ తీస్తే బాగుంటుంది, గ్యాస్ మాత్ర రాసిస్తారు, మనిషి మళ్లీ అదే ఇంటికి అదే పనికి వెళ్తుంది. తన బాధ చెప్పుకోవడమంటే భర్త మీద ఫిర్యాదు చేయడమేనని ఆమె అనుకుంటుంది. అందుకే "నిక్షేపంలా ఉన్నాను" అన్న మాటను ఆరోగ్య సమాచారంగా తీసుకోవద్దని కుటుంబాలకు మొదటే చెబుతాం. "ఎలా ఉన్నావమ్మా" అని అడగడం మాని, "నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచావు? ఇవాళ అన్నం ఎన్నింటికి తిన్నావు? కిందటిసారి గడప దాటి ఎవరింటికి వెళ్లావు?" అని అడగండి. వాటికి వచ్చే జవాబులు అబద్ధం చెప్పవు.

దీనికి ఖరీదైన వైద్యమే కావాలనుకోవద్దు. గోవాలో జరిగి 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మతిమరుపు వ్యాధిగ్రస్తులున్న 81 కుటుంబాలను తీసుకుని, వాటిలో కొన్నింటికి స్థానికులకే శిక్షణ ఇచ్చి సహాయకులుగా పంపారు. వాళ్లు వైద్యులు కారు. ఇంటికి వెళ్లి వ్యాధి గురించి వివరించడం, మొండితనం చేసినప్పుడు ఎలా మెలగాలో చూపించడం, చూసుకునే మనిషి గోడు వినడం, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరకు పంపడం, ఇంతే వారి పని. ఆరు నెలలకు ఆ కుటుంబాలలో చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. లండన్‌లో ఇటువంటివారికే ఎనిమిది విడతల శిక్షణ ఇచ్చిన మరో ప్రయత్నం 2013లో మంచి ఫలితాలను చూపింది. శిక్షణ ఇచ్చినవాళ్లు సైకాలజీ పట్టభద్రులే. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి మతిమరుపు వ్యాధి ఉందని 2023లో వెలువడిన అంచనా. అందరి ఇళ్లకూ వైద్యులు వెళ్లలేరు కనుక గోవా పద్ధతి మనకు చాలా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆశా కార్యకర్తలకు బీపీ యంత్రంతో పాటు ఈ పని కూడా నేర్పితే తెలుగు రాష్ట్రాలలో ఎన్ని ఇళ్లకు ఊరట దొరుకుతుందో!

మీకు ఇప్పటికిప్పుడు అందుబాటులో ఉన్నది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం దీనిని ప్రారంభించింది. పిచ్చి ఉన్నవాళ్లు చేసే నంబరని అమ్మగారు అనుకుంటే, మొదటి ఫోన్ మీరే చేసి, ఆమె పక్కన కూర్చుని మాట్లాడించండి. పెద్దవారి ఇబ్బందులకు సంబంధించిన సమాచారం కోసం 14567 ఎల్డర్‌లైన్ కూడా ఉంది.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలం వంటి మాత్రలు తెచ్చుకునే పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాటికి అలవాటు పడితే మానడం కష్టం, రాత్రి మత్తులో లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. కుంగుబాటుకు సైకియాట్రిస్టు రాసే మందులు వేరు. వాటికి అలాంటి వ్యసనం ఉండదు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, చెప్పకుండా ఆపేయకూడదు. బతకాలని లేదు, నేను పోతే పీడా పోతుంది వంటి మాట ఆమె నోట ఒక్కసారి వచ్చినా, విసుగుతో అందిలే అని వదిలేయకుండా అదే రోజు వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.

డాలస్_తెలుగువాడు

మా తల్లిదండ్రులు భీమవరంలో ఉంటారు, నాన్నగారికి పార్కిన్సన్స్. పై సందేశాలు చదివాక, నేను రోజూ చేసే వీడియో కాల్‌లో అమ్మ ముఖం కంటే నాన్నగారి ముఖమే ఎక్కువసేపు కనిపిస్తుందన్న సంగతి నాకు స్ఫురించింది. ఫోన్ పట్టుకుని నిలబడేది అమ్మే కనుక ఆమె ఎప్పుడూ తెర వెనకే ఉంటుంది. ఇంత దూరం నుంచి డబ్బు పంపడం తప్ప మరేం చేయగలమో అనుభవజ్ఞులు చెప్పగలరా? ఏజెన్సీ ద్వారా పెట్టిన అటెండెంట్లు నెల తిరగకుండానే మానేస్తున్నారు.

విజయనగరం_కోడలు

డబ్బు చిన్న విషయం కాదండీ, దానిని దేనికి ఖర్చు పెడుతున్నారన్నదే ముఖ్యం. పగటి మనిషి కంటే రాత్రి మనిషికి ఎక్కువ ఇవ్వండి, ఎందుకంటే పోతున్నది నిద్ర. ఏజెన్సీ మనిషి కంటే అదే వీధిలో నమ్మకమైనవారు దొరికితే నిలుస్తారు. మందుల చీటీలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు పనులు మొత్తం మీరు అక్కడి నుంచే చేయండి. అమ్మగారి తలలో నిరంతరం తిరిగే ఆ జాబితా సగానికి సగం తగ్గుతుంది. అమ్మగారికి మాత్రమే ఒక ఫోన్ విడిగా చేయండి, అందులో నాన్నగారి ప్రస్తావన మీరు తీసుకురాకండి.

మానసిక_ఆరోగ్య_సేవిక (హైదరాబాదు)

దీనికి ఒక్క మాట కలుపుతాను. సెలవులకు వచ్చినప్పుడు ఆ రోజులలో అమ్మగారిని వంటకు, అతిథులకు కట్టిపడేయకండి. ఆమెను తోబుట్టువుల ఇంటికి పంపి, నాన్నగారి బాధ్యత పూర్తిగా మీరు తీసుకోండి.

తెనాలి_ఆడపడుచు

కొన్ని వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. మీరు సూచించినట్లే, ఎలా ఉన్నావని అడగకుండా, కిందటిసారి ఎవరింటికి వెళ్లావని అమ్మను అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత రేపల్లెలో పిన్ని మనవరాలి ఓణీల వేడుకకు వెళ్లలేకపోయిన సంగతి ఎత్తి, ఆ రోజు కట్టుకోవాలని తీసిపెట్టుకున్న చీర మళ్లీ బీరువాలో పెట్టేశానని చెబుతూ ఏడ్చేసింది. నాన్నగారి మీద ఒక్క మాట కూడా అనలేదు.

తమ్ముడు కంపెనీతో మాట్లాడి నెలలో సగం రోజులు తెనాలి నుంచే పనిచేసే ఏర్పాటు చేసుకున్నాడు. అతను ఉన్నన్ని రోజులు రాత్రి బాధ్యత అతనిదే. తలుపుకు పై గడియ, గంట పెట్టించాం. అమ్మకు బీ12 బాగా తక్కువగా ఉందని తేలింది, ఇంజెక్షన్లు ఇస్తున్నారు. సైకియాట్రిస్టు కూడా చూసి, కుంగుబాటు ఉందని ఒక మందు ప్రారంభించారు. షుగర్ ఇంకా పూర్తిగా అదుపులోకి రాలేదు, ఉదయం పరగడుపున చూసే అంకె మాత్రం దిగుతోంది.

ఇప్పుడున్న చిక్కు వేరు. పగటిపూట సాయానికి ఒకావిడను పెట్టాం. అమ్మ ఆమెను నాన్నగారి దగ్గరకు రానివ్వడం లేదు. "ఆయనకు ముద్ద ఎంత కలపాలో ఆమెకేం తెలుసు" అంటుంది.

పల్నాటి_పెద్దాయన

అమ్మా, ఆ ముద్ద మాత్రం ఆమె చేతి నుంచి తీసేయకండి. నా వరకు నాకు బలమంతా అందులోనే ఉంది. స్నానం, బట్టలు, పక్క మార్చడం, నడిపించడం వంటివి ఆవిడకు అప్పగించి, భోజనం అమ్మగారికే వదిలేయండి.

మానసిక_ఆరోగ్య_సేవిక (హైదరాబాదు)

పెద్దాయనగారి సలహా చాలా సరైనది. మొదటి వారం ఆవిడను నాన్నగారి పనికి పెట్టకుండా, అమ్మగారికి కూరలు తరిగి పెట్టడం వంటి పనులలో ఉంచండి. నాన్నగారికి ఆ ముఖం అలవాటవుతుంది, ఆయన పద్ధతులు అమ్మగారే స్వయంగా ఆమెకు చూపించే అవకాశం వస్తుంది. తరువాత సాయంత్రం వీధి చివరి వరకు నడిపించే పని మొదట అప్పగించండి. ఆ అరగంట అమ్మగారు ఇంట్లో ఉండకుండా గుడికో, పక్కింటికో వెళ్లాలి. ఇంట్లోనే ఉంటే ఆమె చెవి వీధిలోనే ఉంటుంది.

విశ్రాంత_వైద్యుడు (గుంటూరు)

రాత్రి నిద్ర, తిండి వేళలు మెరుగుపడుతున్నప్పుడు, ఇంతకుముందు పెంచిన షుగర్ మాత్రల మోతాదు ఎక్కువై చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు, నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడండి. ఈ సంగతి మీ డాక్టరుగారికి ముందే చెప్పి మోతాదు సరిచేయించుకోండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు ఒకసారి చూస్తే చాలు. పక్కింటికి వెళ్లే ఆ అరగంట మాత్రం రోజూ జరగాలి.